మంగాదేవి కారులో వేడిగాలి

శబరి నది ఒడ్డున కుంట అనే ఊళ్ళో శ్రీరంగం, మంగాదేవి దంపతులకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. పేరుకు దుకాణం కుంటలో, బేరమంతా సంతల్లో. మొదట్లో బిందెల మూటలు బస్సు టాపు మీద వేసుకుని తిరిగారు. ఏ సంతలో దిగినా సగం బిందెలకు సొట్టలే. చివరికి ఎనభై రెండులో శ్రీరంగం జగదల్‌పూర్ వెళ్ళి, ఒక కలప వ్యాపారి షెడ్డులో మూలబడి ఉన్న నల్లకారు కొనుక్కొచ్చాడు. బస్తర్ సంస్థానం విలీనమైన కొత్తలో ఎవరో కాంట్రాక్టరు ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న కారు అది. వెనక సీటు సగం పీకేసి బిందెలు సర్దారు. మిగిలిన సగంలో ఆయతి కూర్చునేది. ఆయతి దోర్నపాల్ దగ్గరి పల్లెలో ఉండే దోర్ల తెగ మనిషి. చింతపండు, విప్పపువ్వు సంతలకు తెచ్చి అమ్ముకునేది. మంగాదేవికీ ఆమెకూ ఎప్పటి నుంచో స్నేహం.

మంగాదేవి పుట్టిల్లు భద్రాచలం. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి పాత్రలకు మాట్లు వేసేవాడు. చిన్నప్పుడు కొలిమి తిత్తి ఊదింది ఆమే. పెళ్ళయి కుంటకు వచ్చాక బేరాలాడుతూనే దోర్లీ నేర్చుకుంది, తోంగ్‌పాల్ అవతల పనికొచ్చే హల్బీ నేర్చుకుంది, ఆఫీసు వాళ్ళతో హిందీ సరేసరి. మూత ఉన్న వస్తువు కనిపిస్తే మాత్రం తెరవకుండా ఉండలేకపోయేది. ఒకసారి పెట్రోమాక్సు లైటు విప్పి చూసి కనుబొమలు కాల్చుకుంది. అవి మొలిచేదాకా కాటుకతో దిద్దుకుని మరీ దుకాణంలో కూర్చుంది.

కారు కొన్న మరుసటి ఏడు ఆషాఢంలో ముగ్గురూ జగదల్‌పూర్ బయల్దేరారు. తోంగ్‌పాల్ దాటేసరికి వాన పట్టుకుంది. అద్దాలు ఎత్తేశారు. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ముగ్గురి ఊపిరికీ, తడిసిన బట్టల ఆవిరికీ ముందద్దం లోపలి వైపు తెల్లగా కమ్మేసింది. మంగాదేవి చీరకొంగుతో తుడుస్తుంటే తుడిచినంత మేర కాసేపు రోడ్డు కనిపించి మళ్ళీ మాయమయ్యేది. శ్రీరంగం కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాడు. ఒక మలుపులో ముందు చక్రం రోడ్డు అంచు దిగి మట్టిలో కూరుకుంది. దాని పక్కన లోయ. ముగ్గురూ మెల్లగా అవతలి తలుపులోంచి దిగి, వాన తగ్గేదాకా కొండ వైపు నిలబడ్డారు. లారీ వాళ్ళు తాడు కట్టి లాగితే కారు పైకొచ్చింది.

తిరిగి కూర్చున్నాక మంగాదేవి కాళ్ళ దగ్గరి నల్ల డబ్బాను వేలితో కొట్టింది. ఇన్నాళ్ళూ దాని మీదే టిఫిను క్యారియరు పెట్టుకునేది.

"ఇదేందయ్యా? ఇందులో ఏముంది?"

అది హీటరని, చలిదేశం వాళ్ళకు వెచ్చదనం కోసం పెట్టిందని శ్రీరంగం చెప్పాడు. మన ఎండలకు దానితో పనేముందని ఎప్పుడో పైపులు మూసేశారట. ఆమె ముందద్దం కింది అంచున ఉన్న రెండు సన్నని సందుల వైపు చూసింది. వేడిగాలి కాళ్ళకే అయితే ఈ సందులు ఇక్కడెందుకున్నాయని అడిగింది. మెకానిక్కును అడుగుదామన్నాడు శ్రీరంగం.

జగదల్‌పూర్‌లో సుక్రాం అనే మెకానిక్కు దగ్గర జవాబు దొరికింది. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీళ్ళు ఆ డబ్బాలోని చిన్న రేడియేటరులోకి వస్తాయి. వెనకున్న ఫ్యాను దాని మీదుగా గాలి ఊదుతుంది. మీట అటు తిప్పితే ఆ గాలి కాళ్ళకు, ఇటు తిప్పితే అద్దానికి. వెచ్చటి గాలి తగిలితే అద్దం మీద తేమ నిలవదు. అంతా చెప్పి, ఇంత పాత కారుకు పుర్జాలు దొరకవని, ఆశ వదులుకోమని కూడా చెప్పాడు సుక్రాం. మంగాదేవి అతని మాటల్లో మొదటి సగమే విన్నది. డబ్బా విప్పించి, ఒళ్ళో పెట్టుకుని కుంటకు తెచ్చింది.

ఆ వారం శ్రీరంగం ఒక్కడే బస్సులో సంతలకు తిరిగాడు. ఆమె వసారాలో గోనెపట్టా పరిచి డబ్బా తెరిచింది. ఎలుక గూడు, ఎండాకులు, ఎవరిదో చెవిపోగు బయటపడ్డాయి. కారు ముందు భాగంలో బయటి గాలి లోపలికొచ్చే దారి కూడా ఆకులతో, మట్టితో గట్టిగా మూసుకుపోయింది. అడుగున నీళ్ళు పోయే రంధ్రం పూడుకుపోవడం వల్లే ఇన్నాళ్ళూ వానొస్తే కాళ్ళ మీద చుక్కలు పడేవని అప్పుడర్థమైంది. ఇనప చువ్వతో పొడిచి, పైనుంచి చెంబుతో నీళ్ళు పోసింది. నల్లటి నీళ్ళు బుడబుడమంటూ కారు కిందకు దూకాయి. చింతపండు తూకానికి వచ్చిన ఆయతి ఆ పని చూసి, తక్కెడ పక్కన పెట్టి, తనూ ఒక చెంబు అందుకుంది.

చిన్న రేడియేటరుకు ఒక వైపు మూసి, రెండో వైపు సైకిలు పంపు పెట్టి, నీళ్ళ తొట్టిలో ముంచారు. ఆయతి పంపు కొడుతుంటే మంగాదేవి వంగి చూసింది. రాగి గొట్టాల మధ్య నుంచి బుడగలు వరసగా లేచాయి. కుంపటి రాజేసి, రాగికడ్డీ ఎర్రగా కాల్చి, అతుకు పట్టేలా నవాసాగరం రాసి, తగరంతో మాట్లు వేసింది. తండ్రి పనిముట్లు పట్టుకుని ఎన్నేళ్ళయిందో, అయినా పని మర్చిపోలేదు. రెండోసారి ముంచితే ఒక్క బుడగా రాలేదు. ఆయతి మాత్రం నమ్మకం కుదరక పంపు కొడుతూనే ఉంది.

గాలిని అద్దం దాకా మోసే గొట్టాలు పొడిపొడిగా రాలిపోయాయి. తీగను చుట్టలు చుట్టి, దాని మీద టార్పాలిన్ గుడ్డ కుట్టి కొత్తవి తయారు చేసింది. గాలిని మళ్ళించే రేకు సరిగా మూసుకోవడానికి కంబళి ముక్కలు అంటించింది. మీట కదలడానికి సైకిలు బ్రేకు తీగ పనికొచ్చింది. ఫ్యాను మోటారు మాత్రం ఆమెకు లొంగలేదు. కుంటకు ఏదో లారీ బాగుచేయడానికి వచ్చిన సుక్రాంకు కబురు పెట్టింది. అతను వచ్చి, చేసిన పనంతా చూసి, దీని సంగతి తేలేదాకా తాను జగదల్‌పూర్ పోనన్నాడు. మోటారు విప్పి, తుప్పు గీకి, అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చాడు. తీగ తగిలించగానే ఫ్యాను ఒక్క విసురుగా తిరిగి, లోపల మిగిలిన దుమ్మంతా మంగాదేవి, ఆయతి, సుక్రాంల మొహాల మీద చల్లింది. మొహం తుడుచుకుంటూ మళ్ళీ తిప్పమంది మంగాదేవి.

మూసిన పైపులు తెరిచి, అన్నీ బిగించి ఇంజను స్టార్టు చేశారు. ఇంజను బాగా కాగింది. ఫ్యాను హోరుమంటోంది. సందుల్లోంచి వచ్చే గాలి మాత్రం చల్లగానే ఉంది. సుక్రాం పైపులు పట్టుకు చూశాడు. ఒకటి చెయ్యి కాలేంత వేడి, ఇంకొకటి చల్లన. శ్రీరంగం బీడీ వెలిగించాడు. మంగాదేవి రెండు పైపులూ తనూ పట్టుకు చూసింది. తర్వాత, డ్రమ్ములోంచి గొట్టంతో కిరసనాయిలు తీసేటప్పుడు గొట్టంలో గాలి చేరితే ధార ఆగిపోయే సంగతి గుర్తొచ్చి, ఇక్కడా గాలే అడ్డుపడిందేమో అంది. సుక్రాం తలాడించి, ఇంజను ఆపి చల్లారనిచ్చాడు. కారు ముక్కు ఎత్తుగా ఉండేలా గట్టు మీదికి తోశారు. పైనున్న పైపు బిగింపు కాస్త వదులు చేసి, రేడియేటరులో మెల్లగా నీళ్ళు పోశారు. పైపు బుస్సుమంది, నురగ కక్కింది, ఆ తర్వాత నీళ్ళు ఆగకుండా కారాయి. వెంటనే బిగించారు.

మళ్ళీ ఇంజను వేశారు. మంగాదేవి సందు మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. చల్లగాలి గోరువెచ్చనైంది, తర్వాత కుంపటి మీద కాచుకున్నట్టయింది. ఆమె గబగబా దిగి, ఆయతి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అక్కడే పెట్టించింది. తర్వాత శ్రీరంగం చెయ్యి. ఆ తర్వాత పక్క దుకాణాల వాళ్ళందరి చేతులూ.

అయినా అసలు పరీక్ష వాన, ఘాట్. శ్రావణంలో మబ్బులు చూసుకుని మరీ బయల్దేరారు. సుక్రాం కూడా ఎక్కాడు. తోంగ్‌పాల్ దాటగానే వాన దంచింది. అద్దం తెల్లబడింది. కావాలనే తెల్లబడనిచ్చింది మంగాదేవి. అప్పుడు ఫ్యాను వేసి, మీట అద్దం వైపు తిప్పింది. కాసేపు ఏమీ కాలేదు. వెనక సీటులో కూర్చున్న సుక్రాం, ఆయతి ముందుకు వంగారు. అద్దం అడుగున రెండు చోట్ల చిన్న మరకల్లా తేటబడింది. మరకలు పెరిగి విసనకర్రల్లా విచ్చుకున్నాయి, ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. అద్దం మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఎదురుగా నల్లటి రోడ్డు, ఎర్రనీళ్ళు పారే కాలవ, సాలచెట్ల మొదళ్ళు అన్నీ కనిపించాయి.

"కనబడుతోందా?" అంది మంగాదేవి, ఎదురుగా చూస్తూనే.

"కిలోమీటరు రాయి మీద అంకె కూడా కనబడుతోంది మంగా" అన్నాడు శ్రీరంగం.

ఘాట్ మధ్యలో ఒక జీపు, రెండు లారీలు వానకు ఆగి ఉన్నాయి. శ్రీరంగం నెమ్మదించగానే జీపు డ్రైవరు పరుగెత్తుకొచ్చి, ఈ వానలో ఎలా నడుపుతున్నారని అడిగాడు. మంగాదేవి నవ్వుతూ అద్దం చూపించింది. అతను తల లోపలికి పెట్టి, వెచ్చటి గాలి మొహానికి తగలగానే కాసేపు అలాగే ఉండిపోయాడు. తమ కారు వెనక దీపం చూసుకుంటూ రమ్మన్నాడు శ్రీరంగం. నల్లకారు ముందు, జీపు, లారీలు వెనక, వరసగా ఘాట్ దాటాయి. అవతల దర్భా ఊరు చేరేదాకా ఆయతి వెనక్కి తిరిగి బండ్లన్నీ వస్తున్నాయో లేదో చూస్తూ, ప్రతి మలుపులోనూ మంగాదేవికి చెబుతూనే ఉంది.

ఆ తర్వాత సుక్మా నుంచి, జగర్గుండా సంతకు పోయే షావుకార్ల నుంచి మనుషులు వచ్చి తమ జీపులకూ అలాంటిది పెట్టించమని అడిగారు. సుక్రాం బిగించేవాడు, గొట్టాలు, మాట్లు మంగాదేవి పని. వేసవిలో ఇంజను నుంచి వేడినీళ్ళు వచ్చే ట్యాపు కట్టేసి ఫ్యాను ఒక్కటే వేస్తే బయటి గాలి జోరుగా వచ్చేది. గాలి వచ్చే దారి శుభ్రం చేసినందుకు అది అదనపు లాభం.

పుష్యమాసం చలిలో ఒకరోజు పొద్దున్నే ఆయతిని ఆమె పల్లెలో ఎక్కించుకున్నారు. చేలన్నీ మంచు. ఆమె పాదాలు పగిలి, వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. మంగాదేవి ఆమెను ముందు సీటులో తన పక్కన కూర్చోబెట్టుకుని, మీట కాళ్ళ వైపు తిప్పింది. ఆయతి రెండు పాదాలూ డబ్బా దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. సుక్మా సంత వచ్చింది. శ్రీరంగం కారు ఆపి బిందెలు దించబోయాడు. ఆయతి కదల్లేదు.

"అక్కా, జనం ఇంకా రాలేదు. ఆ మలుపు దాకా పోయొద్దామని బావకు చెప్పు" అంది.

మంగాదేవి భర్త వైపు చూసింది. శ్రీరంగం దించిన బిందెను మళ్ళీ లోపల పెట్టి, తలుపు వేసి, కారు ముందుకు పోనిచ్చాడు.