స్టీరింగ్‌కు కట్టిన ట్యాగ్

దయ్యాల కథ ఎవరు మొదలుపెట్టినా నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగినా, మా ప్లాంటు టౌన్‌షిప్‌లోని సెక్టర్ 2 లైబ్రరీలో సైన్సు పుస్తకాల అలమర మొత్తం చదివాను. ప్రతిదానికీ కారణం ఉంటుందని నా నమ్మకం. కిందటి సంవత్సరం జరిగిన ఈ ఒక్కదానికి మాత్రం నాకు కారణం దొరకలేదు.

మా నాన్న ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. రిటైరయ్యాక ఒక పాత పికప్ కొని, నందిని ఊరి దాకా తిరిగి నీళ్ల పంపులు బాగుచేసేవాడు. పానాలు, సుత్తులు, పాత బేరింగులు, చైన్లు, గ్రీజు డబ్బాలు అన్నీ ఆ బండి వెనకే ఉండేవి.

ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. యంత్రం లోపలికి దిగే మనిషి దాని స్విచ్‌కి తన పేరున్న ఎర్ర రేకు ట్యాగ్ కడతాడు. అది ఉన్నంతసేపూ ఎవరూ స్విచ్ వెయ్యకూడదు, కట్టినవాడే దాన్ని విప్పాలి. నాన్న పికప్ కింద దూరినప్పుడల్లా తన ట్యాగ్‌ని స్టీరింగ్‌కి కట్టేవాడు. చిన్నప్పుడు ఆయన ట్యాగ్‌తో ఆడబోతే చెంప పగిలింది.

ఆయన పోయాక ఆ ట్యాగ్‌ని నేనే గుడ్డలో ముడివేసి, బండి వెనకున్న ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆయన పేరు చెక్కిన ట్యాగ్ అదొక్కటే. రెండు వర్షాకాలాలు గడిచాయి. తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

బండి అమ్మేద్దామనుకున్నాం. నాన్న స్నేహితుడు, మెకానిక్ సన్యాసిరావు చిన్నాన్న పదకొండింటికి వచ్చి చూస్తానన్నాడు. ఆయన వచ్చేలోగా బండిని రేకుల షెడ్డులోంచి వెనక్కి తీసి ఎండలో పెడదామని, పది గంటలకు తాళంచెవి తీసుకుని ఎక్కి కూర్చున్నాను.

స్టీరింగ్‌కి ఎర్ర ట్యాగ్ వేలాడుతోంది. నాన్న పేరు.

విప్పబోయాను. ట్యాగ్ ఉందంటే కింద మనిషి ఉన్నట్టేనని ఆగాను. దిగి, బండి వెనక్కి వెళ్లి కిందకు వంగి చూశాను. వెనక చక్రాల మధ్య రెండు కాళ్లు కనిపించాయి.

"చిన్నాన్నా!" అని అరిచాను. ఆయనకు కాస్త చెముడు. రెండోసారికి పలికాడు.

"ఏట్రా, అలగరుస్తన్నావు?"

"నువ్వెప్పుడొచ్చినావు?"

"పావుగంటైంది. నువ్వేదో పుస్తకంలో ములిగిపోయుంటావని పిలవనేదు."

"ఈ ట్యాగ్ నువ్వు కట్టినావా?"

ఆయన బయటికి వచ్చి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. "మీ నాన్న ట్యాగ్ నానెందుకు ముట్టుకుంటాన్రా?"

ఇద్దరం పెట్టె దగ్గరికి వెళ్లాం. తాళంచెవి తిరగలేదు. చిన్నాన్న రంపంతో కోసి తాళం తీశాడు. లోపల సామాను నేను సర్దినట్టే ఉంది. గుడ్డ మూట అడుగున ఉంది, నేను వేసిన ముడి అలాగే ఉంది. విప్పితే అందులో ఏమీ లేదు.

నేనే మరిచిపోయి ట్యాగ్‌ని బండిలో వదిలేశానేమో అనుకుని చూశాను. కానీ అంతకుముందు రోజే ఆ స్టీరింగ్‌ని తడిగుడ్డతో తుడిచాను. అప్పుడు దానికి ఏమీ లేదు.

మా మాటలు విని అమ్మ వచ్చింది. చిన్నాన్నను పక్కన నిలబెట్టి, తనే వంగి బండి కిందంతా చూసింది. తర్వాత స్టీరింగ్ దగ్గరికి వెళ్లి, "కింద ఎవలూ నేరండి. తీసేస్తన్నాను" అని మెల్లగా చెప్పి ట్యాగ్ విప్పింది.

చిన్నాన్న ఇప్పటికీ టీకి వచ్చినప్పుడల్లా అడుగుతాడు, "ఎవలు కట్టినారో తెలిసిందేట్రా?" అని.

తెలియలేదనే చెబుతాను.