పెదబాబు గారి తాళం మూత

మొన్న తాడేపల్లిగూడెం బంకులో కారుకి పెట్రోలు పోయించుకుంటుంటే, మూత తిప్పగానే ఆ ఘాటు వాసన ముక్కుకి తగిలింది. చిన్ననాటి వాసనలకి అందరికీ కళ్లు చెమరుస్తాయట. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

మా నాన్న సత్యం ఆకివీడులో పెదబాబు గారి తెల్లకారుకి డ్రైవరు. పెదబాబు గారికి కొల్లేరు వైపు చేపల చెరువులు, ఒంటినిండా అనుమానం. శీతాకాలం పొద్దుటిపూట పొగమంచులో నాన్న కారు తుడుస్తుంటే నేను బకెట్టు అందించేదాన్ని. చెరువుగట్ల మీంచి వచ్చే నీచువాసన, అమ్మ కాల్చి ఒళ్లో పోసిన తేగలు, ఇంజను వేడెక్కాక బానెట్ మీద అరచేతులు కాచుకోవడం, ఇంతకన్నా పెద్ద పండగ నాకు ఉండేది కాదు.

పెట్రోలు ఎవరో లాగేస్తున్నారని పెదబాబు గారికి అనుమానం పుట్టింది. వెల్డింగు షాపులో గాలి కూడా దూరనంత బిగువైన మూత చేయించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. ఆ వారం నుంచే కారు కొంతదూరం పోయి ఆగిపోవడం మొదలైంది. కబురందుకుని ఆయన వచ్చి, పెట్రోలుందో లేదో చూద్దామని మూత తీసేవారు. ఉస్సుమని గాలి లోపలికి పోయేది. మళ్లీ తాళం వేశాక కారు బుద్ధిగా కదిలేది.

"నేనొత్తే నడుత్తాది, నువ్వుంటే ఆగిపోద్ది. నాటకాలేంట్రా?" అనేవారు.

నాన్న ప్లగ్గులు, పంపు, గొట్టాలు అన్నీ విప్పి చూసి, ఒకరోజు చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలండీ. పోకపోతే పంపు లాగలేదండి. మూతకి సూదంత బెజ్జం పెట్టించండి, చాలు."

"బెజ్జమా? గొట్టం దూర్చి లాక్కోడానికా?" అన్నారాయన, చేపలు తూచే కూలీలందరి ముందూ. "రేపట్నుంచి రాకు."

పెట్రోలు దొంగని ఆకివీడులో ఇంకెవరు పెట్టుకుంటారు? నాన్న ఐసు దిమ్మలు మోసే పనికి కుదిరాడు. సాయంత్రాలు అమ్మ ఆయన భుజాలకి వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతుంటే నేను పళ్లు నూరుకుంటూ కూర్చునేదాన్ని. అటు ఏలూరు మెకానిక్కులు పంపు మార్చారు, కాయిల్ మార్చారు, పెదబాబు గారు ఇద్దరు డ్రైవర్లని మార్చారు. మూత మాత్రం మార్చలేదు.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే, కొల్లేరు గట్టు మీద మల్లెపువ్వులాంటి పంచె బురదలో ఈడుస్తూ ఆయనే కారు తోస్తూ కనిపించారు. నేను తేగ నములుతూ నిలబడి చూశాను. అంత తియ్యని తేగ మళ్లీ తినలేదు.

"అమ్మాయ్, ఈ బండి సంగతి మీ నాన్న ఇంకేవన్నా చెప్పాడా?" అన్నారు రొప్పుతూ.

"పెట్రోలు దొంగ ఏం చెప్తాడండీ?" అన్నాను.

కుక్క కాటుకి చెప్పుదెబ్బ. నాకు పదేళ్లు అప్పుడు. ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

పోయిన నెల ఉండిలో ఒక పెళ్లి విందులో పెదబాబు గారు ఎదురుపడ్డారు. వంగిపోయారు కానీ నోరు వంగలేదు. "మా డ్రైవరొకడు చేతబడి చేయించాడండీ, బంగారంలాంటి బండిని తుక్కుకి అమ్ముకున్నాను" అని పక్కవాళ్లకి చెబుతున్నారు. నేను విస్తరి ముందునుంచి లేవకుండానే అన్నాను. "చేతబడి కాదండీ. మూతకి గాలి ఆడలేదండి. బెజ్జం పెట్టించమని సత్యం గారు చెప్పారు కదండీ. నేను ఆయన కూతుర్నండి."

పక్కనున్న ముసలి మెకానిక్కు ఒకాయన "అంతేనండీ, అది నిజవేనండీ" అన్నాడు. పెదబాబు గారి చెయ్యి నడుం దగ్గర, ఒకప్పుడు తాళంచెవి వేలాడిన చోట తడుముకుంది.

నేను కొర్రమీను పులుసు మళ్లీ పోయించుకుని కడుపారా తిన్నాను. ఆ తెల్లకారు లేదు, మేము నడిచిన గట్టు ఇప్పుడు చెరువుల్లో కలిసిపోయింది. నాన్న ఉండుంటే, "పెద్దాయన్ని నలుగుర్లో అలా అనకూడదమ్మా" అని మందలించేవాడు. మందలించడానికి నాన్న లేడు. అందుకే ఆ పెద్దాయన్ని నేను ఇంకా వదిలిపెట్టలేదు.