లమ్‌దువన్ అక్క నీలం చొక్కా

మా కౌంటర్ ముందుకి వారానికి రెండు మూడు సార్లు ఒకే చొక్కా వచ్చేది. దాని లోపలి మనుషులే మారేవాళ్ళు. లేత నీలం రంగు, పొడుగు చేతులు, జేబు ఊడిపోతే ముదురు దారంతో మళ్ళీ కుట్టిన గుర్తు. సోమవారం నాడు ఎవరో జర్మన్ ముసలాయన పొట్ట మీద బొత్తాలు తెగేలా బిగుసుకుని ఉండేది. బుధవారం నాటికి ఒక బక్కపలచని ఆస్ట్రేలియావాడి భుజాల మీద వేలాడేది. పక్క సీట్లో కూర్చునే అమ్మాయి నా వైపు వంగి, "సార్, మన చొక్కా వచ్చింది" అనేది.

మెకాంగ్ నది ఒడ్డున ఉన్న మా పట్నంలో, విదేశీయులకు ఉండటానికి అనుమతులిచ్చే ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నా పేరు థవీ. పుట్టుకతోనే నాకు ముక్కు మీద కోపం. యూనిఫాం వేసుకున్నవాడి కోపానికి ఎదురుండదు గనక ఆఫీసులో అది ఇంకా బలిసింది. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఈ కథలో తప్పు సగం నాది.

మిగతా సగం తనదని లమ్‌దువన్ అక్క ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను.

మా ఆఫీసుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, రేకుల పందిరి కింద ఆమె జిరాక్స్ షాపు. ఒక మిషను, ఒక ఫ్యాను, తాడుతో బల్లకి కట్టేసిన నీలం సిరా పెన్నొకటి. వెనక గోడకి మేకులు కొట్టి మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు తగిలించి ఉండేవి. అవి ఆమె మొగుడివి. ఆయన ఊళ్ళ మధ్య తిరిగే బస్సు నడిపేవాడు. నలభై ఆరేళ్ళకే గుండె ఆగి పోయాడు. బట్టలు గుడికి ఇచ్చేద్దామనుకుంటుండగా, నిక్కరుతో వచ్చిన పరంగి తెల్లవాడొకడిని మేము గుమ్మంలోనే వెనక్కి పంపడం ఆమె కంటపడింది. నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, కాలర్ లేని చొక్కాలు పనికిరావని మా గుమ్మం పక్కన బోర్డుంది. వాడు మళ్ళీ ఇంటికెళ్ళి రావాలంటే అరవై కిలోమీటర్లు. వాణ్ణి పిలిచి మొగుడి ప్యాంటు తొడిగించి పంపింది. అప్పట్నించీ ఆ బట్టలు గుడికి వెళ్ళలేదు.

ఆమెకి ఇంగ్లీషు రాదు. థాయ్‌లోనే తిట్టేది. చాలాకాలంగా ఇక్కడ ఉన్నవాళ్ళకి ఆ తిట్లు అర్థమయ్యేవి, కొత్తవాళ్ళకి ఆమె చెయ్యి అర్థమయ్యేది.

"ఏమయ్యా, నిక్కరేసుకొచ్చావ్, చేపలు పట్టడానికా? ఇటు రా. కాగితాలేవి? ప్రతి కాగితం మీదా సంతకం పెట్టు. నల్ల పెన్ను కాదు, నీలం! నల్లదైతే అదీ జిరాక్సే అనుకుంటారు. ఇంటిగలావిడ నీ పేరు ఆఫీసులో రాయించిందా? లేదా? మరైతే నువ్వు ఈ ఊళ్ళో ఉన్నట్టా లేనట్టా? ముందు ఆవిణ్ణి పట్టుకురా."

మూడు నెలలకోసారి వచ్చి 'నేనింకా ఇక్కడే ఉన్నాను' అని రాసివ్వాలంటే పరంగివాళ్ళకి మహా చిరాకు. దొంగల్లాగా ఈ హాజరేమిటని గొణుగుతారు. దానికి అక్క జవాబు ఒక్కటే. "కట్టుకున్న మొగుడైనా సాయంత్రానికి ఇంటికొచ్చి మొహం చూపించాలా వద్దా? చూపించకపోతే నేను ఊరుకుంటానా? నిన్ను మూడు నెలలకోసారి అడుగుతున్నారు, సంతోషించు."

తీరా వాళ్ళు రోడ్డు దాటబోతుంటే వెనకనుంచి కేకేసేది. పాస్‌పోర్టులో నోటు పెట్టకు, ఒకసారి పెడితే జన్మంతా పెడుతూనే ఉండాలి. పన్నెండు దాటాక వెళ్ళకు, ఆకలి మీదున్నవాడితో ఎవరికీ పని జరగదు. గొంతు పెంచకు, పెంచావంటే నీ మాట నిజమైనా ఓడిపోతావు. ఇక చివరిది, ఎప్పుడూ ఒకటే: "అడిగిందానికే జవాబు చెప్పు. ఆపకుండా నవ్వు."

ఇన్ని చెప్పేదిగాని, ఆమె మాత్రం ఆ రోడ్డు దాటేది కాదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా మా గుమ్మం తొక్కలేదు. "నేను లోపలికొస్తే నన్నూ బ్రోకర్నే అనుకుంటారు. ఆ మాట పడ్డాక నేను చెప్పిందానికి విలువుండదు" అనేది. ఆ పట్టుదల చూసే నాకు ఆమె అంటే గౌరవం. పైకి మాత్రం ఎప్పుడూ చూపించలేదు.

ఆ షాపుకి పాతకాపుల్లో ఒకాయన ప్రేబెన్. డెన్మార్క్‌వాడు, ఓడల్లో మెకానిక్కుగా చేసి వచ్చాడు. మా వాళ్ళ నోటికి ఆ పేరు తిరగక బెన్ మామ అయ్యాడు. భార్య సాయ్‌పిన్‌ది నదికి నలభై కిలోమీటర్ల లోపలి పల్లె. పిల్లల్లేరు. భార్య మీద ఇచ్చే అనుమతి ఏడాదికోసారి పొడిగించాలి, దానికి భార్య స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. పద్నాలుగేళ్ళూ ఇద్దరూ కలిసే వచ్చారు. ఆవిడ నా బల్ల మీద మోచేతులాన్చి, "సార్, మా ముసలాయనకి ఇంకో ఏడాది నన్ను భరించే శిక్ష వెయ్యండి" అనేది. హాలంతా నవ్వేది. నా మొహంలో కూడా కాస్త నవ్వు వచ్చేది.

ఆ ఏడు వానాకాలంలో బెన్ మామ ఒక్కడే వచ్చాడు.

షాపులో జరిగింది నాకు తర్వాత అక్కే చెప్పింది. ఆయన గుండ్రటి మెడ నల్ల బనీనుతో తడిసి ముద్దై నిలబడ్డాడట. ఆమె మిషను మీంచి తలెత్తి అందుకుంది. "ఇదేంటి మామా, పద్నాలుగేళ్ళు చెప్పినా కాలర్ చొక్కా వేసుకు రావడం రాలేదా? సాయ్‌పిన్ చూడలేదా నువ్వు బయల్దేరేటప్పుడు? అది వెనకాల వస్తోందా?" ఆయన నవ్వాడు. పని హడావుడిలో ఆ నవ్వే జవాబనుకుంది. నీలం చొక్కా దించి ఆ నల్ల బనీను మీదే తొడిగింది. ఆయన వేళ్ళు ఆడకపోతే బొత్తాలు కూడా తనే పెట్టింది. పాత ఫైలు తీసి కాగితాలు వరస చేసి, "ఇక్కడ సాయ్‌పిన్ సంతకం. వచ్చాక పెట్టించు. పో, నవ్వుతూ పో" అని తోసింది.

నాకా రోజు పొద్దున్నే పై ఆఫీసు నుంచి చీవాట్లు పడి ఉన్నాయి. ఫైలు తిప్పాను. భార్య సంతకం చోటు ఖాళీ.

"భార్య ఏది?"

"ఇంట్లో ఉంది సార్." నవ్వు.

"ఒంట్లో బాలేదా?"

"ఇప్పుడు ఏ నొప్పీ లేదు సార్." మళ్ళీ నవ్వు.

"మరెందుకు రాలేదు?"

ఆ నవ్వు చెక్కుచెదరలేదు. ఇలాంటివి నేను బోలెడు చూశాను. మొగుడూ పెళ్ళాలు విడిపోతారు, అది చెప్పకుండా పాత కాగితాలతో ముద్ర కొట్టించుకుందామని వస్తారు. నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నాడని ఒళ్ళు మండింది.

"వదిలేసి వెళ్ళిపోయిందా?" గట్టిగానే అడిగాను. హాల్లో అందరూ విన్నారు.

"అవును సార్. వెళ్ళిపోయింది." నవ్వుతూనే అన్నాడు.

"అయితే నువ్వూ వెళ్ళు. ముద్రలో ఇంకా మూడు రోజులుంది. ఈలోపు దేశం దాటు." ఫైలు ఆయన వైపు నెట్టేశాను. ఆయన రెండు చేతులూ జోడించి, తల వంచి, కాగితాలు ఏరుకుని వెళ్ళాడు. పద్నాలుగేళ్ళ పరిచయం అలా ఒక్క నిమిషంలో చేత్తో తుడిచేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పావుగంట కాలేదు, గుమ్మం దగ్గర కలకలం. వాన చినుకులతో, రబ్బరు చెప్పులతో, భుజాన నీలం చొక్కాతో లమ్‌దువన్ అక్క లోపలికి వస్తోంది. టోకెను తీసుకోమని గార్డు అంటున్నా వినలేదు. తిన్నగా నా బల్ల ముందుకొచ్చి చొక్కా దాని మీద పెట్టింది. అంతకుముందు రోడ్డు మీద కనిపిస్తే నన్ను 'సార్' అనేది. ఆ రోజు అనలేదు.

"తమ్ముడూ, ఆయన చొక్కా తిరిగి ఇద్దామని వచ్చి విప్పాడు. లోపల నల్ల బనీను, ఇంట్లో చావైతే మనం వేసుకునే నలుపు. అప్పుడు చూశాను. పొద్దున కూడా అదే ఉంది, నా కళ్ళు మిషను మీదున్నాయి. 'మామా, సాయ్‌పిన్...' అన్నాను. నవ్వాడు. అరవై తొమ్మిది రోజులైందట తమ్ముడూ, అది పోయి."

నేను బల్ల మీది చొక్కా దగ్గరికి లాక్కున్నాను.

"నేనే కప్పేశాను. మైల బట్ట మీద నా మొగుడి చొక్కా తొడిగి, నవ్వుతూ పొమ్మని నేనే తోశాను. అడిగిందానికే జవాబు చెప్పమన్నానుగా, అలాగే చెప్పాడు. ఇంట్లోనే ఉందిగా, కుండలో ఎముకలై బుద్ధుడి బల్ల మీద. అబద్ధం ఏం చెప్పాడు?"

"నాకెలా తెలుస్తుందక్కా, నవ్వుతూ నిలబడితే?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినబడింది.

"మీ అమ్మ పోయినప్పుడు నేనొచ్చాను, గుర్తుందా? శవం పెట్టె పక్కన కూచుని నువ్వేం చేశావ్? నవ్వావ్. 'అక్కా, అన్నం తిన్నారా, గంజి వేడిగా ఉంది, తాగి వెళ్ళండి' అన్నావ్, పళ్ళన్నీ బయటపెట్టి. తల్లి పోతే నవ్వుతాడేమిట్రా వీడు అని ఎవరైనా అన్నారా? నీ నవ్వు వెనక ఏడుపు మాకందరికీ కనబడింది. ఆయనది నీకెందుకు కనబడలేదు? మొహం తెల్లగా ఉందనా?"

నా ఉద్యోగంలో నన్ను తిట్టిన పరంగులున్నారు, బతిమాలిన వాళ్ళున్నారు. ఇంత సూటిగా ఎవరూ నన్ను నాకు చూపించలేదు. పద్నాలుగేళ్ళలో ఆ మనిషి మా భాష నేర్చాడు, మా జిగురన్నం వేళ్ళతో ముద్ద చేసుకుని తినడం నేర్చాడు, చివరికి దుఃఖం ఎదుటివాడికి బరువు కాకుండా నవ్వుతో మూసిపెట్టడం కూడా నేర్చాడు. అంతగా మాలో ఒకడైపోయినవాణ్ణి నేను పరాయివాడివి పొమ్మన్నాను.

"వందో రోజు ఎప్పుడు?" అని అడిగాను.

"ఇంకా ముప్పై ఒక్క రోజులుంది. ఆ రోజు ఎముకలు గుడి గోడలో పెట్టాలి. సాయ్‌పిన్‌కి ముందూ వెనకా ఎవరున్నారు? ఆయనే మొయ్యాలి."

ముద్రలో మూడు రోజులు. నియమం నియమమే. భార్య పోతే భార్య మీదున్న అనుమతీ పోతుంది. వయసు మీద ఇంకో రకం అనుమతి అడగొచ్చు, కానీ పెన్షన్ కాగితాలు వాళ్ళ దేశం నుంచి రావాలి, ఎంత లేదన్నా మూడు వారాలు. ఈలోపు బయటికెళ్ళి తిరిగి రావాలంటే వందో రోజు దాటిపోవచ్చు. ఒక్క దారుంది. కాగితాలు తెచ్చుకోవడానికని ఒక నెల గడువివ్వొచ్చు, కానీ మా పెద్దాయన సంతకం చెయ్యాలి. ఆయన నాకంటే గట్టి పిండం.

"ఆయన్ని పిలవండక్కా" అన్నాను. "చొక్కా వద్దు. ఆ నల్ల బనీనుతోనే రమ్మనండి."

"బోర్డు?"

"బోర్డు పెట్టింది మేమే."

బెన్ మామ వచ్చి నిలబడ్డాడు. మా వాళ్ళం ఏమంటామో అదే అన్నాను. "మామా, అన్నం తిన్నావా?"

"తిన్నాను సార్" అని నవ్వాడు. తినలేదని ఈసారి నాకు తెలిసింది.

అర్జీ నా చేత్తో రాసి, ఫైలు నేనే లోపలికి తీసుకెళ్ళాను. గడువు ఎందుకన్న చోట 'పెన్షన్ కాగితాల కోసం, మరియు భార్య అస్థికలు గుడిలో నిలపడం కోసం' అని రాశాను. అలాంటి మాట మా ఫారాల్లో ఎవరూ రాయరు. పెద్దాయన రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీశాడు. "మోసేది ఈయనేనా?" అన్నాడు.

"ఇంకెవరూ లేరు సార్."

సంతకం పెట్టేశాడు. పాత ముద్ర తీరిన నాటి నుంచి ముప్పై రోజులు. లెక్కేసి చూస్తే వందో రోజు దాటాక ఇంకా రెండు రోజులు మిగిలాయి.

అక్క అప్పటికే రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ మా గుమ్మం తొక్కింది లేదు. కానీ మర్నాటి నుంచి షాపులో ఒకటి మారింది. ఎవరొచ్చినా ముందు మిషను ఆపేది. మొహంలోకి చూసి, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగేది. జవాబు విన్నాకే కాగితాలడిగేది. కొత్త పరంగులు ఇదేదో మర్యాద అనుకునేవాళ్ళు. నా కౌంటర్లో నేను కూడా అదే మొదలుపెట్టాను. పక్క సీటు అమ్మాయి నాకు జ్వరమేమో అనుకుంది.

పెన్షన్ కాగితాలు నాలుగో వారంలో వచ్చాయి. వందో రోజుకి అక్కా నేనూ వెళ్ళాం. పల్లె గుడిలో భిక్షువులు చదివారు, ఊరివాళ్ళు అన్నాలు పెట్టారు. తనే ఇస్త్రీ చేసుకున్నట్టు చారలు చారలుగా ఉన్న కాలర్ తెల్ల చొక్కా వేసుకుని బెన్ మామ ఆ చిన్న కుండని గుండెకి ఆన్చుకుని ప్రాంగణం దాటించాడు. గోడలో గూట్లో పెట్టాడు. మేస్త్రీ సిమెంటు పూసి, సాయ్‌పిన్ ఫోటో ఉన్న పలక బిగించాడు. పది నిమిషాల పని.

పనయ్యాక ఆయన మా వైపు తిరిగాడు. అలవాటు కొద్దీ నవ్వబోయాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, పెదవులు వంకర్లు పోయాయి.

లమ్‌దువన్ అక్క ముందుకెళ్ళి ఆయన చొక్కా పైబొత్తాం సరిచేసింది.

"ఇవాళ నవ్వక్కర్లేదు మామా" అంది.

అప్పుడాయన ఏడ్చాడు.