మాబు బాబాయ్ ఆరో ప్రతి

మచిలీపట్నం కోనేరు సెంటర్లో నేను పనిచేసే డీటీపీ షాపుకి రకరకాల రాతప్రతులు వస్తాయి. అన్నిటి నిండా కొట్టివేతలు, బాణం గుర్తులు, మార్జిన్లో ఇరికించిన వాక్యాలు. రిటైరైన లెక్చరర్ల ఆత్మకథలైతే మరీను. అలాంటిది ఈ ఏడాది ఎండలు ముదిరే వేళకి మాబు తెచ్చిన ఐదు లాంగ్ నోటు పుస్తకాల్లో ఒక్క అక్షరం కూడా కొట్టేసి లేదు. నవల అన్నాడు. ఎక్కడో చూసి ఎత్తి రాశాడనుకున్నాను.

నేను డిగ్రీ మధ్యలో మానేసి, లైబ్రరీలో చేతికి దొరికినవన్నీ చదివినవాణ్ణి. ఎవరైనా నవల రాశానంటే ముందు అనుమానం వస్తుంది, తర్వాత కడుపు మండుతుంది. మాబుకి యాభై అయిదేళ్ళు. పెడనలో గుడ్డల మీద అచ్చులద్దే పని. గోళ్ళ చుట్టూ నల్లరంగు ఎన్నేళ్ళ నుంచో అలాగే ఉండిపోయింది.

"ఐదు భాగాలా బాబాయ్?" అన్నాను.

"కాదబ్బాయ్. ఒకటే నవల. ఐదు సార్లు రాశా."

"మరి దిద్దినట్టు ఎక్కడా లేదే?"

"దిద్దడమేంటి?" అని నా వంక వింతగా చూశాడు. "అచ్చు గుడ్డ మీద పడ్డాక ఇంక తుడిచేదేముంది? తప్పు పడితే ఆ తాను పక్కన పడేసి కొత్తది పరుస్తాం. పుస్తకమైనా అంతే కదా?"

అద్దిన గుడ్డ ఆరేదాకా ఖాళీగా ఉండే సమయంలో, బల్ల పక్కనే కూర్చుని ఏడేళ్ళు రాశాడట. తప్పనిపిస్తే కొత్త పుస్తకం తీసి మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

టైపు చేస్తుంటే కథ తెలిసింది. అనీస్ అనే అద్దకం పనివాడు ఒక రోజు పని మధ్యలో లేచి, చేతులు కడుక్కుని, పెడన స్టేషన్లో గుడివాడ పాసింజరు ఎక్కుతాడు. మళ్ళీ రాడు. మొదటి పుస్తకంలో తండ్రితో గొడవపడి వెళ్తాడు. రెండో దాంట్లో ఒక ఆడమనిషి కోసం. మూడో దాంట్లో పటిక పాళ్ళు తప్పి తానులన్నీ పాడుచేసిన సిగ్గుతో. పటికతో అద్దినప్పుడు గుడ్డ మీద ఏమీ కనపడదట, ఉడకబెట్టాకే ఎరుపు తేలుతుందట. ఆ పేజీలు చదువుతూ టైపు చేయడం మర్చిపోయాను. నాలుగో దాంట్లో జబ్బు దాచుకుని వెళ్తాడు. ఐదో దాంట్లో దివిసీమ చేరి, అవనిగడ్డ దగ్గర పడవ బోల్తాపడి పోతాడు.

కానీ మొదటి పేజీ మాత్రం ఐదింట్లోనూ ఒకటే. అక్షరం కూడా మారలేదు. 'అన్న బల్ల మీద అచ్చు బోర్లా పెట్టాడు. సగం వరసే అద్దాడు. ఖాళీ చేతులతో స్టేషన్ వైపు నడిచాడు.'

"ఇదొక్కటీ ఎందుకు మార్చలేదు?" అని అడిగాను.

"అదొక్కటీ కళ్ళారా చూశా గనక. అనీస్ మా సొంత అన్న. వెళ్ళి ముప్పై ఏళ్ళయింది. మిగతాదంతా నాకు తెలీదు. తెలీకే ఐదు సార్లు రాయాల్సొచ్చింది."

ఆ రోజు నుంచి నా అనుమానం మాయమై మరొకటి పట్టుకుంది. ఏది నిజం?

ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. మాబు పథకం వింటే నాకు నవ్వొచ్చింది. ఐదు ప్రతులూ ఒకే కట్టగా పంపుతాడట.

"ఒకరు ఒక నవలే పంపాలి బాబాయ్. రూల్సులో రాశారు."

"ఒకటే కదయ్యా. వ్యాపారికి శాంపిలు పంపేటప్పుడు ఒకే డిజైను ఐదు రంగుల్లో అద్ది పంపుతాం. ఆయనకి నచ్చింది ఆయన ఏరుకుంటాడు. ఎడిటర్‌గారికి ఆ మాత్రం తెలీదా?"

"ఎడిటర్‌గారు మొదటి పేజీ ఐదు సార్లు చదివి, ఐదింటినీ బుట్టలో పడేస్తాడు. నేను మూడు కథలు పంపా. అందిందన్న ముక్క కూడా రాయలేదు."

"నీ కథలు బాలేదేమోలే," అన్నాడు నెమ్మదిగా. నాకు ఒళ్ళు మండింది.

చివరికి ఒకటే పంపడానికి ఒప్పుకున్నాడు. ఏదన్నదే తేలలేదు. నేను ఐదోది అన్నాను.

"అదే నిజమనిపించిందా నీకు?"

"లేదు. చావు ఉంటే బహుమతులిస్తారు."

అతను ప్రింటు కాయితాల అంచులు సర్దాడు. "రంగు నిలుస్తుందో లేదో ఉతికితే గదా తెలిసేది. ఇంటికి పట్టుకెళ్ళి మా ఆవిడ జహీదాకి చదివి వినిపిస్తా. ఇంతవరకూ తనకి ఒక్క ముక్క చెప్పలా. తనకి ఏది నచ్చితే అదే పంపుదాం," అని ఐదు కట్టలూ సంచిలో వేసుకుని వెళ్ళాడు. గడువుకి ఇంకా నాలుగు రోజులున్నాయి.

మళ్ళీ చివరి రోజే కనపడ్డాడు, మధ్యాహ్నం మూడున్నరకి. పోస్టాఫీసు ఐదింటికి మూస్తారు. కవరు మీద చిరునామా కూడా రాసి సిద్ధంగా ఉంచాను.

"ఏది నచ్చిందట పిన్నికి?"

"ఏదీ విననే లేదయ్యా. మొదటి పేజీ దగ్గరే ఆపేసింది. 'ఖాళీ చేతులేంటి? బావగారు క్యారేజీ పట్టుకెళ్ళారుగా, నేనే కట్టిచ్చా' అంది. మూడు రోజుల్నించీ అదే ఆలోచిస్తున్నా."

"దానికేముంది? రెండు నిమిషాల పని," అని ఫైలు తెరిచి ఆ మాట చెరిపేసి, 'క్యారేజీ పట్టుకుని' అని కొట్టాను. పేజీ కొత్తగా ప్రింటు తీసి చేతికిచ్చాను.

చదివి తల అడ్డంగా ఊపాడు. "ఇల్లొదిలి పోయేవాడు మధ్యాహ్నానికి అన్నం కట్టించుకుంటాడా? వీడు తిరిగి రావడానికే వెళ్ళాడబ్బాయ్. నేను ఎందుకెళ్ళాడని ఐదు సార్లు రాశా. ఎందుకు రాలేదని గదా రాయాల్సింది."

నాకు కోపం వచ్చింది. నాలుగు నెలలు టైపు చేశాను. ఆ క్షణాన ఏదో ఒక ప్రతిని కవరులో కుక్కి నేనే పోస్టు చేసేద్దామనిపించింది. కానీ మరో ప్రశ్న అప్పటికే నన్ను తొలిచేస్తోంది. షాపు షట్టరు దించి బైకు తీశాను. "పద బాబాయ్. ఆ క్యారేజీలో ఏం పెట్టిందో అడుగుదాం."

పెడనలో వాళ్ళ దొడ్లో జహీదా ఉతికిన గుడ్డలు ఆరేస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. "ఈ అబ్బాయేనా నీ పుస్తకం కొట్టేది? చూడు, ఎంత బక్కగా ఉన్నాడో. అన్నం తిన్నావా నాయనా?"

"తిన్నానండీ. ఆ రోజు క్యారేజీలో ఏం పెట్టారు పిన్నీ?"

"బొమ్మిడాయిల పులుసు. రెండు గిన్నెల క్యారేజీ అది. అన్నం గట్టిగా అదిమి పెట్టమన్నారు బావగారు. ఇద్దరం తింటాం అన్నారు."

మాబు చేతిలోని సంచి కింద పెట్టేశాడు. "ఇద్దరా? ఎవరే రెండో మనిషి?"

"నాకేం తెలుసు? కొత్త కోడల్ని, పెద్దాయన్ని నిలదీస్తానా?"

"ముప్పై ఏళ్ళుగా ఒక్క ముక్క చెప్పలేదే!"

"ఖాళీ చేతుల్తో వెళ్ళాడు, ఖాళీ చేతుల్తో వెళ్ళాడు అని ఊరందరికీ చెప్పావు. నువ్వు చూశానన్నాక నాదే పొరపాటేమో అనుకున్నా. అయినా నన్ను అడిగిందెవరు?" అని గుడ్డ దులిపి తీగ మీద వేసింది. "క్యారేజీ కూడా మా అమ్మిచ్చింది. అది పోయిందన్న బాధ నాకుండదా?"

టైము నాలుగున్నరయింది. బైకు మీద ఇరవై నిమిషాలు. "బాబాయ్, ఇప్పుడు బయల్దేరితే అందుకుంటాం," అన్నాను. నా గొంతులో తొందర లేదని నాకే తెలిసింది.

మాబు నా మాట వినిపించుకోలేదు. సంచి ఎత్తుకుని అద్దకం బల్ల దగ్గరికి వెళ్ళి, అందులోంచి ఐదో కట్ట తీసి, పాత మొదటి పేజీ పైన పెట్టుకున్నాడు. నా జేబులోని పెన్ను అడిగి తీసుకున్నాడు. తర్వాత 'ఖాళీ చేతులతో' అన్న మాట మీద, బల్లంచు పెట్టి గీసినట్టు తిన్నగా, ఒక గీత గీశాడు. గీశాక వెనక్కి వంగి దాని వంక చూశాడు.

"పేజీ పాడవలేదే," అన్నాడు.

నేను గుడ్డల వరస దాటుకుని జహీదా దగ్గరికి వెళ్ళాను. "పిన్నీ, ఆ రోజు ఏ వారం?"