నిమజ్జనం తప్పించుకున్న ఇంజిన్

ఉక్కు ప్లాంటు పనికి తెలుగువాళ్లు వలస వచ్చిన బిర్సానగర్‌లో మా పక్కింటి ఆదిబాబు నాలుగేళ్లుగా వంటింటి గుమ్మం పక్కన ఇంజిన్ కడుతున్నాడు. పాత మారుతీ కారుది. దాన్ని రేసు ఇంజిన్‌గా మారుస్తానని మొదలుపెట్టాడు. అది పూర్తయితే టీ చల్లారేలోపు, వందల మైళ్ల అవతలున్న మా సొంతూరు శ్రీకాకుళం చేరిపోవచ్చని వీధిలో ప్రచారం చేసింది నేనే. ఐటీఐ మధ్యలో మానేసిన నా మాటకు ఇక్కడ ఇంజినీర్ల మాటకంటే విలువెక్కువ.

చిక్కల్లా ఏమిటంటే, ఆదిబాబు దాన్ని ఒక్కసారీ స్టార్ట్ చేయలేదు. ముప్పై ఏళ్లు ప్లాంటులో ఫిట్టర్‌గా చేసిన మనిషి. ఇంత కష్టపడ్డాక అది మామూలు ఇంజిన్‌లా మూలిగితే పరువేం కాను అని అతని భయం. అందుకని బిగించడం, గాలి వెళ్లే దారి ఇంకా నున్నగా రావాలంటూ మళ్లీ విప్పి ఎమరీ పేపరుతో రుద్దడం. పిస్టన్‌లో మొహం చూసుకుని గడ్డం గీసుకునేవాడు, నేను కళ్లారా చూశాను. వాకిట్లో ఖాళీగా ఉన్న కారు మీదికి భార్య దాలమ్మ బీరపాదు ఎక్కించేసింది.

చివరికి ఆవిడే గడువు పెట్టింది.

"విశ్వకర్మ పూజ నాటికి ఇది మోగిందా సరే. నేదా, తుక్కు కబాడీకి ఇచ్చెత్తాను. గిన్నెలు తోముకోడానికి సోటు నేదు."

పూజ రోజు పొద్దున్నే చూస్తే, పూర్తిగా బిగించిన ఇంజిన్‌కు బొట్టు, బంతిపూల దండ, నెత్తిన నిమ్మకాయ. పక్కన చేతులు కట్టుకుని ఆదిబాబు.

"ఓలే దాలీ, ఈయేళ పనిముట్లు ముట్టుకోకూడదు కదే! నానేటి సేసీది?"

పాత ఇనుము కొనే బలరామ్ బండితో వచ్చి, దండ చూసి ఆగిపోయాడు. "ఈ రోజు మా తూకం తరాజుకీ పూజే అక్కా. నేనూ ముట్టను."

ఆదిబాబు వీధంతా బూందీ పంచాడు. పూజ అందుకున్నదాన్ని ఇక తుక్కులో ఎవరు వేస్తారని ధీమా.

మర్నాడు వీధి చివరి మెకానిక్ షెడ్డువాళ్లు విశ్వకర్మ బొమ్మను నిమజ్జనానికి టెంపో ఎక్కించి, డప్పులతో మా ఇళ్ల ముందుకొచ్చారు. దాలమ్మ కొంగు బిగించి అడ్డం నిలబడింది.

"బాబూ, మా ఇంట్లో ఇంకో దేవుడున్నాడు. పూజ అయిపోనాది. ఈయన్ని కూడా ఏట్లో కలిపీండి!"

నలుగురు నిజంగానే ఇంజిన్‌కు తాడు కట్టేశారు.

"ఆగండ్రా! అయిదు నిమిషాలు!"

నాలుగేళ్లలో చేయనిది ఆదిబాబు నాలుగు నిమిషాల్లో చేశాడు. పెట్రోలు డబ్బాకు పైపు, బ్యాటరీకి వైరు. ఒకసారి స్టార్టర్ తిప్పాడు, లేదు. రెండోసారీ లేదు. మూడోసారికి అరిచింది చూడండి, అక్కడ ఏటి అవతల గమ్హరియా ఫ్యాక్టరీల్లో అది సైరన్ అనుకుని, షిఫ్టు అయిపోయిందని జనం ఇళ్లకు వెళ్లిపోయారు! నిమ్మకాయ ఎగిరి మా పెరట్లో పడింది.

"ఆపవయ్యా!" అని దాలమ్మ అరిచింది.

"ఏటీ? ఇనపడ్నేదు!"

దాలమ్మ హారతి పళ్లెం తీసి దాని గాలి పీల్చే నోటికి అడ్డం పెట్టేసింది. ఊపిరాడక ఇంజిన్ ఆగిపోయింది. ఆదిబాబు కళ్లు తుడుచుకుని, పొగ వల్లేనన్నాడు.

"సర్లే, నిమజ్జనం నేదు," అంటూ దాలమ్మ తాడు విప్పించింది. "కార్లో పెట్టుకో. కానీ పాదు పిందె మీదుంది. కాపు అయ్యేదాకా కారు జోలికెళ్లేవో, సూడు మరి!"

ఆదిబాబు మొహం వెలిగిపోయింది. అప్పటికే ఎమరీ పేపరు వెతుకుతున్నాడు.