కాడల్లేని స్వీట్ పీ పూలు

నిన్న హాబ్సన్‌విల్‌లో వీకెండ్ మార్కెట్‌కి వెళ్తే ఒక బకెట్ నిండా స్వీట్ పీ పూలు కనిపించాయి. ఆ వాసన తగలగానే మనురేవాలో మా పాత ఇంటి ఫెన్స్ దగ్గరికి వెళ్ళిపోయాను. మన బ్యాచ్‌లో ఎవరికైనా గుర్తుందా, స్కూల్ నుంచి వస్తూ తొంగిచూసే మా పక్కింటి జోన్ ఆంటీ తోట? గులాబీలు, లావెండర్, మనకంటే ఎత్తు ఫాక్స్‌గ్లవ్ మొక్కలు, కర్రలకి అల్లుకున్న ఈ స్వీట్ పీ తీగలు.

ఓ డిసెంబర్‌లో, అంటే ఇక్కడి ఎండాకాలంలో, ఆంటీకి మోకాలి ఆపరేషన్ అయింది. వృద్ధుల రెస్ట్‌హోమ్‌లో డ్యూటీ దిగి వచ్చి అమ్మే ఆ తోటకి నీళ్ళు పెట్టేది.

"ఈ పూలు రోజూ కోసెయ్యాలి రూత్, లేకపోతే పూయడం మానేస్తాయి" అన్నారు ఆంటీ అమ్మతో.

అమ్మ మన ఇళ్ళల్లో కోసినట్టే కోసింది. పొడుగు కాడలు తీగకే వదిలేసి, ఒక్కో పువ్వే తుంచి గిన్నె నిండా తెచ్చింది. ఫ్లవర్‌వాజ్‌లో నీళ్ళు పోసుకుని కూర్చున్న ఆంటీ గిన్నెలోకి చూసి, కాడల్లేని పూలు అందులో నిలబడవని దాన్ని పక్కకి జరిపారు. అమ్మ ముఖం చిన్నబోయింది. కాసేపటికి దారం తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని, మాల కట్టి, ఆంటీ తోటపని టోపీకి చుట్టింది.

ఆ వేసవంతా ఆంటీ ఫ్లవర్‌వాజ్ ఖాళీగానే ఉంది. సాయంత్రమైతే కొత్త మాల కోసం టోపీ పట్టుకుని ఫెన్స్ దగ్గర నిలబడేవారు.

నాకూ నేర్పుతానంది అమ్మ. "తర్వాతమ్మా" అని టీవీ ముందు కూర్చున్నాను.

ఇప్పుడా తోటలో టౌన్‌హౌస్‌లు లేచాయి. ఆంటీ లేరు, అమ్మా లేదు. నిన్న ఓ కట్ట కొని, కార్లోనే కూర్చుని, ఒక్కో పువ్వూ తుంచేశాను. ఒడి నిండా పూలు. నాకు కట్టడం రాదు.