బెంచీల వరకే కేకు

కోటబొమ్మాళి మిషన్ బడి హెడ్మాస్టరు ఆశీర్వాదంగారు, కెనడా దొర వెళ్లిపోతూ ఇచ్చిన టైని మే నెల ఎండలోనూ విప్పరు. కళ్లజోడు దాని కొసతోనే తుడుచుకుంటారు. మిషన్ చర్చి గుడిలో ఉద్యోగస్తులు కూర్చునే బెంచీలను స్వయంగా దులుపుతారు. వెనక కూలీలు కూర్చునే చాపలు ఆయన కంటికి ఆనవు. కూతురి పెళ్లికి ఎంత కేకు చేయించాలో తేల్చడానికి ఆ శనివారం ఖాళీ గుడిలోకి వెళ్లి, బెంచీకి ఎందరు పడతారో జానలతో కొలిచారు. నౌపడ ఉప్పుమళ్లలో కూలి చేసే అక్క సంతోషమ్మ పెళ్లికని ముందే వచ్చి అక్కడ ఊడుస్తోంది.

"సాపలోళ్లకి ఏటి పెడతావురా?" అంది.

"బూందీ. కేకు మీ నోళ్లకు సయించదక్కా."

"పెబువు బల్లకాడ ఒకే రొట్టి అందరికీ ఇరిసి పెడితే సయిస్తన్నాది గదేటి?"

ఆయన గొంతు తగ్గించి, "నీకో ముక్క దాచి ఉంచుతాలే, ఎవరితో అనకు," అన్నారు.

"దాసిన ముక్క నాకెందుకురా? పెళ్లికూతురు మేనత్తని, సాపమీదే కూకుంతాను, బూందీయే తింతాను. నీ బెంచీలోళ్లు కేకు తింతా సూస్తారు."

ఇంకో పళ్లెం కేకు చేయిస్తే చిక్కు తీరేది. ఆశీర్వాదంగారు దాన్ని మరోలా తీర్చారు. పెళ్లినాడు అందరికీ బూందీయే పంచి, నిరాడంబరతే క్రైస్తవ ధర్మమని గంభీరంగా ప్రసంగించారు. పాదిరిగారు ఆమెన్ అన్నారు. కేకు మాత్రం మర్నాడు అట్టపెట్టెల్లో ఉద్యోగస్తుల ఇళ్లకు వెళ్లింది. అప్పటికి సంతోషమ్మ నౌపడ బండి ఎక్కేసింది.